ఇంట్లో పండుగ విందు, పర్యావరణానికి భారం కాకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

పండుగనాడు బంధువులందరినీ పిలిచి ఇంట్లోనే భోజనం పెట్టాలనుకునేవారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు సమాధానాలివి. 10 నుంచి 30 మంది వరకు వచ్చే విందును దృష్టిలో పెట్టుకొని రాసినవి. వందలమంది హాజరయ్యే వేడుకల లెక్కలు వేరు.

పర్యావరణానికి మేలైన విందు అంటే ఏమిటి? ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ ప్రశ్న అడిగేవారిలో చాలామంది మనసులో అప్పటికే ఒక సమాధానం ఉంటుంది: ప్లాస్టిక్ పళ్ళేలు మానేసి, వాటికి బదులు మరో రకం పళ్ళేలు కొనడం. అది తప్పు కాదు గాని, మొదట చేయవలసిన పని అది కాదు. ఆహారం వల్ల వాతావరణంలోకి చేరి భూమిని వేడెక్కించే వాయువులలో అధిక భాగం పంట పండించేటప్పుడు, పశువులను పెంచేటప్పుడు, అందుకోసం అడవులను నరికి భూమిని చదును చేసేటప్పుడు వెలువడుతుంది. మన వంటింటికి చేరేసరికే ఆ భారం పడిపోయి ఉంటుంది. కాబట్టి ఏం వండాలి, ఎంత వండాలి, మిగిలినదాన్ని ఏం చేయాలి అన్న మూడు విషయాలను ముందుగా తేల్చుకొని, అతిథుల ప్రయాణాన్నీ పొయ్యి ఇంధనాన్నీ ఆ తరువాత, పళ్ళేలనూ అలంకరణనూ చివరన చూసుకోవడం మంచిది. కొత్తగా ఏదైనా కొనమని చెప్పే సలహాను కాస్త అనుమానంతో చూడవలసిందే. విందు విషయంలో పర్యావరణానికి జరిగే మేలు చాలావరకు కొనకుండా ఉండటంలోనే ఉంది.

ఆహారం వృథా కావడం అంత పెద్ద సమస్యా? మట్టిలో కలిసిపోయేదే కదా?

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచవ్యాప్తంగా ఇళ్ళలో, హోటళ్ళలో, దుకాణాలలో కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో సుమారు 60 శాతం ఇళ్ళలో జరిగిన వృథాయే. తలసరి లెక్క చూస్తే ఒక్కొక్కరి ఇంటి వాటా ఏడాదికి 79 కిలోలు. దోషం హోటళ్ళది, విందు మందిరాలది అనుకుంటూ ఉండే మనకు ఈ లెక్క కాస్త ఇబ్బందికరమే.

మట్టిలో కలిసిపోతుందన్న మాట సగమే నిజం. పారేసిన అన్నం, కూరలు సాధారణంగా మట్టిలోకి కాక చెత్త గుట్టల అడుగుకు చేరతాయి. అక్కడ గాలి ఆడదు కాబట్టి ప్రాణవాయువు అవసరం లేని సూక్ష్మజీవులు వాటిని కుళ్ళబెట్టి మీథేన్‌ను విడుదల చేస్తాయి. 20 ఏళ్ళ వ్యవధిలో లెక్కిస్తే, బరువుకు బరువుగా కార్బన్ డయాక్సైడ్ కంటే మీథేన్ 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. దానికి తోడు ఆ గింజను పండించడానికి పెట్టిన నీరు, ఎరువు, ట్రాక్టరు డీజిలు, వండటానికి కాల్చిన గ్యాసు అన్నీ ఆ పారేసిన గిన్నెతోనే పోతాయి.

ఎంత వండాలో ఎలా లెక్కగట్టాలి? తక్కువ పడితే పరువు పోతుందని భయంగా ఉంటుంది.

ఎక్కువ వండటానికి అసలు కారణం లెక్క తెలియకపోవడం కాదు, ఈ భయమే. అందుచేత ముందు లెక్క, ఆ తరువాత భయానికి మందు చెప్పుకుందాం.

బియ్యం వంటి ప్రధాన ధాన్యం పెద్దవారికి వండకముందు 75 నుంచి 100 గ్రాములు, చిన్నపిల్లలకు అందులో సగం సరిపోతుంది. 11 మంది పెద్దలు, నలుగురు పిల్లలు వస్తున్నారనుకుంటే, పెద్దలకు తలా 90 గ్రాముల చొప్పున 990, పిల్లలకు తలా 45 చొప్పున 180, వెరసి కిలో 170 గ్రాములు. అదే భోజనంలో రొట్టెల వంటి రెండో ధాన్య పదార్థం కూడా ఉంటే ఈ మొత్తాన్ని దాదాపు సగానికి తగ్గించాలి. చాలామంది తడబడేది ఇక్కడే. ఒక్కొక్క వంటకాన్నీ అది ఒక్కటే ఉన్నట్టుగా 15 మందికి వండుతారు. అలాంటివి ఎనిమిది చేరేసరికి వంటింట్లో అవసరానికి ఎన్నో రెట్ల భోజనం తయారవుతుంది. వంటకాల సంఖ్య పెరిగినా తినేవారి కడుపు పెరగదు. వంటకాలు ఎన్ని పెరిగితే ఒక్కొక్కదాని పరిమాణం అంత తగ్గాలి. అంతకంటే మేలు, వంటకాల సంఖ్యనే తగ్గించి, ఉన్నవాటిని శ్రద్ధగా వండటం.

మరి తక్కువ పడితే? దానికి ఉపాయం ముందుగానే ఎక్కువ వండిపెట్టడం కాదు, పావుగంటలో వండగలిగిన పదార్థం ఒకటి సిద్ధంగా ఉంచుకోవడం. కడిగి తరిగిన కూరగాయలు, నానబెట్టిన పప్పు, పిండి, గుడ్లు, ఏదైనా సరే. అవసరం పడితే పొయ్యి మీదికి వెళ్తుంది, పడకపోతే మరునాటి వంటకు వస్తుంది. వండని సరుకు దాదాపు ఎప్పుడూ వృథా కాదు. వండినదానికి మాత్రం ఆ క్షణం నుంచే గడువు మొదలవుతుంది. నేను ఒకసారి 18 మందిని పిలిచి, మొహమాటానికి 30 మందికి సరిపడా వండి, మరో మూడు రోజులు ఇంటిల్లిపాదికీ అదే వడ్డించాను. నాలుగో రోజున అందరి ముఖాలూ చూశాక ఈ ఉపాయం అలవాటు చేసుకున్నాను.

ఎవరెవరు వస్తున్నారో రెండు రోజుల ముందు మరోసారి ఫోన్ చేసి కనుక్కోవడంలో తప్పేమీ లేదు. ఎవరికి ఏ పదార్థం పడదో కూడా అప్పుడే తెలుస్తుంది.

పళ్ళేలలో వదిలేసే ఆహారాన్ని తగ్గించడం ఎలా?

పళ్ళెంలో మిగిలే ఆహారానికి తినేవారి కంటే వడ్డించేవారే ఎక్కువగా కారణం. కొసరి కొసరి వడ్డించడం ఆప్యాయతే గాని, "చాలు" అన్న మాటను మర్యాదకు అన్న మాటగా తీసుకోకుండా నిజంగానే చాలునని నమ్మడం కూడా ఆప్యాయతే. మొదటి వడ్డన చిన్నదిగా ఉంచి, అడిగినవారికి మారు వడ్డించండి. ఎవరికివారు వడ్డించుకునే ఏర్పాటు అయితే మధ్యస్థమైన పళ్ళేలు, చిన్న గరిటెలు పెట్టండి. పెద్ద పళ్ళెంలో ఖాళీ కనిపిస్తే నింపుకోవాలనిపిస్తుంది. పిల్లలకు ముందుగా రెండు ముద్దలే పెట్టి, ఇష్టపడితే మళ్ళీ పెట్టడం వల్ల వారు వదిలేసేది గణనీయంగా తగ్గుతుంది.

మాంసం పూర్తిగా మానేయాలా?

మానేయాలని ఎవరినీ బలవంతపెట్టనక్కరలేదు. ఏ మాంసం, ఎంత అన్నదే ముఖ్యం. 2018లో సైన్స్ పత్రికలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం 119 దేశాలలోని సుమారు 38,700 వ్యవసాయ క్షేత్రాల వివరాలను పరిశీలించింది. దాని ప్రకారం 100 గ్రాముల ప్రోటీన్ పొందడానికి, మాంసం కోసమే పెంచే గొడ్ల విషయంలో సగటున 50 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వెలువడతాయి. గొర్రె, మేక మాంసానికి 20 కిలోలు, జున్నుకు (చీజ్‌కు) 11, కోడి మాంసానికి 5.7, గుడ్లకు 4.2, బఠాణీలకు దాదాపు 0.4. నెమరువేసే జంతువుల పొట్టలో మేత జీర్ణమయ్యేటప్పుడు మీథేన్ పుడుతుంది కాబట్టే మొదటి రెండింటి లెక్క అంత ఎక్కువ.

ఈ వరుసలో జున్ను ఎక్కడుందో గమనించండి. విందు శాకాహారమైనంత మాత్రాన భారం తక్కువని అనుకోకూడదు. ప్రతి వంటకంలోనూ జున్ను, మీగడ, వెన్న దట్టంగా పోస్తే అది కోడి కూరతో పెట్టిన విందును మించిపోవచ్చు. పప్పు దినుసులు, చిక్కుళ్ళు, గింజలు ముఖ్య వంటకంగా ఉండి, మాంసమో జున్నో రుచికోసం పక్కన కొద్దిగా ఉంటే తేడా బాగా కనిపిస్తుంది. ఇంట్లో పెద్దలు ఏళ్ళ తరబడి ఎదురుచూసే వంటకం ఏదైనా ఉంటే దాన్ని తీసివేయవద్దు. దాన్ని అలాగే ఉంచి, దానితోపాటు అలవాటు కొద్దీ వండే మిగతా రెండు మూడింటిని మార్చండి.

దగ్గరలో పండినవే కొనాలంటారు. అది ఎంతవరకు నిజం?

దగ్గరలో పండిన తాజా కూరగాయలు రుచిగా ఉంటాయి, పండించినవారికి డబ్బు నేరుగా చేరుతుంది. ఇవి రెండూ మంచి కారణాలే. కాని పర్యావరణ దృష్టితో చూస్తే దూరం కంటే ఏం తింటున్నామన్నదే ఎక్కువ ముఖ్యం, ఎందుకంటే చాలా ఆహార పదార్థాల విషయంలో మొత్తం భారంలో రవాణా వాటా పదో వంతుకు లోపే ఉంటుంది. ఓడలో వేల కిలోమీటర్లు ప్రయాణించిన పప్పుగింజల కంటే పక్క ఊరి గొర్రె మాంసం భారమే ఎక్కువ. ఇందుకు ఒక మినహాయింపు ఉంది: విమానంలో వచ్చేవి. త్వరగా చెడిపోయి, ఖరీదు ఎక్కువగా ఉండి, ఆ రుతువులో మీ ప్రాంతంలో పండని బెర్రీలు, లేత చిక్కుళ్ళ వంటివి దూరదేశం నుంచి వచ్చాయంటే విమానంలో వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. అలాగే చలికాలంలో వేడిచేసిన గాజు గృహాలలో పండించిన టమాటాలు దగ్గరలోవే అయినా ఇంధనాన్ని బాగా తింటాయి. కాబట్టి "దగ్గరిదా?" అని అడగడం కంటే "ఈ కాలంలో ఆరుబయట పండేదేనా?" అని అడగడం మేలు.

కాగితపు పళ్ళేలు, "మట్టిలో కలిసిపోయే" పళ్ళేలు కొనవచ్చా?

ఉన్న పళ్ళేలు కడిగి వాడటమే అన్నింటికంటే మంచిది. సరిపోకపోతే పొరుగింటివారిని అడగండి, లేదా బంధువులనే తలా నాలుగు తెమ్మనండి. రకరకాల పళ్ళేలు ఒకే బల్ల మీద కలిసినంత మాత్రాన అందం చెడదు. ఏది ఎవరింటి పళ్ళెమో గుర్తుపట్టడం కూడా ఒక వేడుకే.

కొని పారేసేవాటి మీద రాసి ఉండే మాటలు నమ్మేముందు రెండు విషయాలు తెలుసుకోవాలి. కాగితపు పళ్ళేలకు, కప్పులకు తడి ఇంకకుండా లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉండటం సర్వసాధారణం. ఆ పూత, అంటుకున్న ఆహారం కలిసి వాటిని తిరిగి కాగితంగా మార్చే పనిని కష్టతరం చేస్తాయి. ఇక మొక్కజొన్న వంటివాటి నుంచి తయారయ్యే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ చూడటానికి మామూలు ప్లాస్టిక్ లాగే ఉంటుంది. అది విచ్ఛిన్నం కావాలంటే పెద్ద ఎరువు కేంద్రాలలో ఉండే 60 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరి వేడి, తేమ వారాల తరబడి కావాలి. పెరటి గుంతలో అంత వేడి నిలవదు. మీ ప్రాంతంలో అటువంటి కేంద్రం లేకపోతే ఆ పళ్ళెం మీద రాసిన మాటకు ఆచరణలో అర్థం లేదు. పారేయక తప్పని పరిస్థితే వస్తే, పూత ఏమీ లేని ఆకులతోనో నారతోనో చేసినవి ఎంచుకోండి.

చేతిరుమాళ్ళ సంగతీ అంతే. గుడ్డవి మంచివే, కాని వాటికోసం కొత్త గుడ్డ కొనవలసిన పని లేదు. పాత దుప్పటి చతురస్రాలుగా కత్తిరించి అంచు కుట్టుకుంటే పదేళ్ళు వస్తాయి.

అన్ని పళ్ళేలు కడగడానికి బోలెడు నీళ్ళు ఖర్చవుతాయి కదా?

కొళాయి విప్పి ఉంచి కడిగితే ఖర్చవుతాయి. మామూలు కొళాయి నిమిషానికి 6 నుంచి 10 లీటర్ల దాకా పోస్తుంది. అంటే పావుగంటలో వంద లీటర్లు. ముందు పళ్ళేలను పొడిగా గీకి, ఒక తొట్టిలో సబ్బు నీరు, మరొక తొట్టిలో మంచి నీరు పెట్టుకొని, జిడ్డు తక్కువవి ముందు, జిడ్డు గిన్నెలు చివర కడిగితే అందులో మూడో వంతు కూడా పట్టదు. గిన్నెలు తోమే యంత్రం ఉంటే పూర్తిగా నింపి నడపండి. నిండుగా నడిపిన యంత్రం, ధారగా పారే కొళాయి కింద చేతితో కడగడం కంటే తక్కువ నీటితో పని ముగిస్తుంది. యంత్రంలో పెట్టేముందు గీకితే చాలు, కడగనవసరం లేదు.

వంటకు అయ్యే గ్యాసు, కరెంటు తగ్గించుకోవడం ఎలా?

ఇక్కడ చిన్న అలవాట్లే పెద్ద తేడా తెస్తాయి. అన్నింటికంటే సులువైనది మూత. మూత లేని గిన్నెలో వేడి ఆవిరితోపాటు పైకి పోతూనే ఉంటుంది. రెండోది, మరుగు వచ్చాక మంట తగ్గించడం. నీరు సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. ఆ తరువాత మంట ఎంత పెంచినా నీరు అంతకంటే వేడెక్కదు, త్వరగా ఆవిరవుతుందంతే. కుతకుతలాడినంత మాత్రాన పప్పు ముందుగా ఉడకదు. ప్రెషర్ కుక్కర్ చేసేది సరిగ్గా ఈ హద్దును దాటడమే: లోపల పీడనం పెరగడం వల్ల నీరు సుమారు 120 డిగ్రీల వరకు వేడెక్కి, గంట పట్టే చిక్కుళ్ళు 15 నుంచి 20 నిమిషాలలో మెత్తబడతాయి. వాటిని ముందు రాత్రే నానబెడితే సమయం ఇంకా తగ్గుతుంది.

ఉడకడం పూర్తికావడానికి కొన్ని నిమిషాల ముందే పొయ్యి కట్టేసి, మూత తీయకుండా వదిలేయడం మరో పాత పద్ధతి. బరువైన గిన్నె తనలోని వేడితోనే మిగతా పని చేసుకుంటుంది. మందపాటి దుప్పటిలో చుట్టి పెడితే ఆ వేడి ఇంకా చాలాసేపు నిలుస్తుంది. ఓవెన్ వాడేవారు ఒక్కొక్క వంటకానికీ విడివిడిగా వేడిచేయకుండా, ఒకే వేడికి ఒప్పుకునేవాటిని వరుసగా లోపల పెట్టాలి. మాటిమాటికీ తలుపు తీసి చూడటం వల్ల వేడి బయటికి పోతుంది. గాజు తలుపు ఉన్నది అందుకే.

ఇండక్షన్ పొయ్యి వేడిని నేరుగా గిన్నెలోనే పుట్టిస్తుంది కాబట్టి, గిన్నె పక్కలనుంచి మంట జారిపోయే గ్యాసు పొయ్యి కంటే ఎంతో పొదుపు. అయితే పనిచేస్తున్న గ్యాసు పొయ్యిని ఒక్క పండుగ కోసం మార్చనక్కరలేదు. పాతది పాడైనప్పుడు ఆలోచించండి.

మిగిలిన వంటకాలను ఎంతకాలం ఉంచవచ్చు?

ముందుగా ఒక తేడా గుర్తుంచుకోవాలి. వంట గిన్నెలో మిగిలింది వేరు, పళ్ళెంలో ఎంగిలైనది వేరు. మొదటిది దాచుకోవచ్చు, పంచవచ్చు, రెండోది ఎరువుకే. పెద్ద గిన్నెను అలాగే భోజనాల బల్ల మీదికి తేకుండా చిన్న పాత్రలలో కొద్దికొద్దిగా తెచ్చి వడ్డిస్తే, దాచుకోదగిన భాగం చాలా ఎక్కువగా ఉంటుంది.

సూక్ష్మజీవులు 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేగంగా పెరుగుతాయి. అందుకే వండిన ఆహారాన్ని ఆ మధ్యస్థితిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక గంటే గడువు. విందు కబుర్లలో ఈ రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి కాబట్టి, భోజనాలు ముగిసిన వెంటనే ఎవరో ఒకరు ఈ పని చూసుకోవాలని ముందే అనుకోండి. లోతైన గిన్నెలో నడిమి భాగం చల్లారడానికి గంటలు పడుతుంది. వెడల్పాటి, లోతు తక్కువ పాత్రలలో పలుచగా పరిచి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ 5 డిగ్రీలకు లోపు, గడ్డకట్టించే అర మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, గడ్డకట్టిస్తే కొన్ని నెలలు ఉంచవచ్చు.

అన్నం విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా ఎక్కువసేపు ఉంటే అవి మొలకెత్తి విషపదార్థాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. కాబట్టి మిగిలిన అన్నాన్ని అన్నింటికంటే ముందు చల్లబరచాలి. ఏ పదార్థమైనా తిరిగి వేడిచేసేటప్పుడు కావలసినంతే తీసుకొని, లోపలిదాకా పొగలు కక్కేలా ఒక్కసారే వేడిచేయండి.

అతిథులకు ఇచ్చి పంపవచ్చా?

తప్పకుండా. పిలిచేటప్పుడే "వస్తూ ఒక డబ్బా తెచ్చుకోండి" అని చెబితే, విందు చివర ప్లాస్టిక్ సంచుల కోసం వెతుకులాట ఉండదు. చాలాదూరం ప్రయాణించేవారికి త్వరగా చెడిపోయేవి కాకుండా పొడిగా ఉండేవి ఇవ్వండి. ఆకలితో ఉన్నవారికి అందజేయాలనుకుంటే, ఆహారం పుచ్చుకునే సంస్థ ఏదైనా ఉంటే విందుకు ముందే వారితో మాట్లాడి, ఎన్ని గంటలకు తీసుకుంటారో, ఏవి తీసుకుంటారో తెలుసుకోండి. రాత్రి పదకొండింటికి అందరూ అలసిపోయాక మొదలుపెట్టే వెతుకులాట సాధారణంగా చెత్తబుట్ట దగ్గరే ముగుస్తుంది.

తొక్కలు, ఎంగిలి ఆహారంతో ఎరువు చేయాలంటే?

కూరగాయల తొక్కలు, కాడలు, పండ్ల తొక్కలు, గుడ్డు పెంకులు, టీ పొడి నిశ్చింతగా వేయవచ్చు. ఇవి తడి సరుకు. ఇంతకు రెండు మూడింతల పరిమాణంలో ఎండుటాకులు, చింపిన అట్టముక్కలు, రంపపు పొట్టు వంటి పొడి సరుకు కలపాలి. తడి ఎక్కువైతే గాలి ఆడక దుర్వాసన వస్తుంది. వాసన వచ్చిందంటే మందు ఒక్కటే, పొడి సరుకు వేసి కలియబెట్టడం. మాంసం, ఎముకలు, పాల పదార్థాలు, నూనె మరకలున్న వంటకాలు పెరటి గుంతలో వేస్తే ఎలుకలు, ఈగలు చేరతాయి. పండుగనాడు ఒకేసారి పెద్దమొత్తంలో తొక్కలు వస్తాయి కాబట్టి వారం ముందునుంచే ఎండుటాకులు పోగుచేసి ఉంచుకోవాలి.

వేపుళ్ళకు వాడిన నూనె ఏం చేయాలి?

కాలువలో మాత్రం పోయవద్దు. నూనె, కొవ్వు గొట్టాల గోడలకు పేరుకొని, దానికి తుడుపు కాగితాలు, చెత్త అంటుకొని గట్టి రాయిలా తయారవుతాయి. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ ప్రాంతపు మురుగు కాలువలో ఇలా పేరుకున్న ముద్ద 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు తూగింది. దాన్ని తవ్వి తీయడానికి వారాలు పట్టింది. చల్లారిన నూనెను వడగట్టి సీసాలో పోసి, సేకరించేవారుంటే వారికి ఇవ్వండి. గిన్నెకు అంటుకున్న కొద్దిపాటి జిడ్డును కడగడానికి ముందు పాత కాగితంతో తుడిచేయండి.

తాగునీరు, పానీయాల సంగతి?

తాగడానికి పనికొచ్చే నీరు ఇంట్లోనే ఉంటే చిన్న సీసాలు కొననే వద్దు. కూజా, గ్లాసులు చాలు. ఎవరి గ్లాసు ఏదో మరిచిపోయి పదేపదే కొత్తది తీసుకోకుండా, ఒక్కొక్కదానికి రంగు దారం కట్టండి; పిల్లలకు ఈ పని అప్పగిస్తే సంబరంగా చేస్తారు.

అలంకరణ, దీపాలు, కానుకల విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

కిందటి ఏటివి ఉంటే వాటినే వాడండి. మెరుపు పొడి చల్లిన అలంకరణలు వద్దు. ఆ పొడి చాలావరకు ప్లాస్టిక్ ముక్కలే, ఒకసారి రాలితే ఏరడం సాధ్యం కాదు. కానుకలు చుట్టే కాగితాన్ని గుప్పిట్లో నలిపి వదిలి చూడండి. నలిగినట్టే ఉండిపోతే కాగితం, మళ్ళీ విచ్చుకుంటే ప్లాస్టిక్ కలిసినది. ఎల్ఈడీ దీపాలు పాత తీగ బల్బులతో పోలిస్తే 75 శాతానికి పైగా తక్కువ కరెంటుతో వెలుగుతాయి. వెలుతురుండగానే విందు ముగిసేలా మధ్యాహ్నం పెట్టుకుంటే అదీ అక్కరలేదు.

అతిథుల ప్రయాణం కూడా లెక్కలోకి వస్తుందా?

వస్తుంది, కొన్నిసార్లు మిగతావాటి కంటే ఎక్కువగా. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. 40 కిలోమీటర్ల దూరం నుంచి ఒక కారు వచ్చి వెళ్తే, లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున ఐదు లీటర్లకు పైగా ఖర్చై, 12 కిలోలు గాలిలో కలుస్తాయి. ఒకే దిక్కు నుంచి మూడు కార్లు వస్తుంటే ఎవరు ఎవరిని ఎక్కించుకోవచ్చో పిలిచినవారే కాస్త చొరవ తీసుకొని కుదర్చాలి. బస్సు, రైలు వేళలకు అనుగుణంగా విందు సమయం పెట్టుకోవడం దానికన్నా మంచిది. అందరిలో ఎక్కువమంది ఉండే చోటికే విందును మార్చగలరేమో కూడా చూడండి.

ఇంట్లో పెద్దలు ఇదంతా పిసినారితనం అనుకుంటే?

ముందుగా ఉపన్యాసం ఇవ్వకండి. భోజనాల బల్ల దగ్గర కార్బన్ లెక్కలు చెప్పేవారి పక్కన కూర్చోవడానికి ఎవరూ ఇష్టపడరు. మార్పును వంటలో చూపించండి, మాటల్లో కాదు. వంటకాలు ఐదే అయినా వేడివేడిగా, రుచిగా ఉంటే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టేవారు అరుదు. పైగా వృథాను సహించని స్వభావం పెద్దల దగ్గరే ఎక్కువ. మిగిలినదాన్ని మరో వంటగా మార్చే విద్య వారికే తెలుసు. ఆ బాధ్యతను వారికే అప్పగించి సలహా అడిగితే, వ్యతిరేకించేవారే ముందుండి నడిపిస్తారు.

విందు అయిపోయాక ఏమైనా రాసిపెట్టుకోవాలా?

ఐదు నిమిషాల పని, కాని వచ్చే ఏటికి ఇంతకు మించిన సాయం లేదు. ఎంతమంది వస్తామన్నారు, ఎంతమంది వచ్చారు, ఏది ఎన్ని కిలోలు వండారు, ఏ గిన్నెలో ఎంత మిగిలింది, ఏది ముందుగా అయిపోయింది, పిల్లలు ఏది ముట్టలేదు అన్నవి ఒక కాగితం మీద తేదీతో రాసి, వంటింటి అలమరా తలుపు లోపలివైపు అంటించండి. మా ఇంట్లో అలాంటి కాగితాలు ఇప్పుడు ఆరు ఉన్నాయి. మొదటిదానిలో బియ్యం రెండున్నర కిలోలు అని ఉంది. ఆరోదానిలో, దాదాపు అంతే మందికి, కిలోంబావు.